చివరి శ్రోతను లెక్కలోకి తీసుకోండి: రేడియో భవిష్యత్తు, ప్రభుత్వ విధానం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలవారికి వినబడుతోందా? సరే.

నన్ను మాట్లాడమన్న విషయం రేడియో భవిష్యత్తు. రేడియోకు భవిష్యత్తు ఉందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఉందనే నా నమ్మకం. ఇవాళ నేను అడిగేది అంతకంటే చిన్న ప్రశ్న. ఒక ట్రాన్స్‌మీటర్‌ను, అంటే ప్రసారాన్ని గాల్లోకి పంపే యంత్రాన్ని, ఆపేయాలని ఎవరు నిర్ణయిస్తారు? ఏం చూసి నిర్ణయిస్తారు? ఆపేశాక వినలేకపోయిన మనిషి ఎవరికి చెప్పుకోవాలి? ప్రభుత్వాలు ఏ విధానం రాసినా, ఎన్ని పేజీలు రాసినా, చివరికి తేలాల్సింది ఇదే.

నార్వేతో మొదలుపెడదాం. జాతీయ ఎఫ్‌ఎం ప్రసారాలను ప్రపంచంలో అందరికంటే ముందు ఆపేసిన దేశం అది. 2017 జనవరి 11న ఉత్తరాన నార్డ్‌లాండ్‌లో మొదలుపెట్టి, ఒక్కో ప్రాంతం ఆపుకుంటూ వెళ్లి, ఆ డిసెంబర్‌కల్లా ముగించారు. చిన్న స్థానిక స్టేషన్లు చాలావరకు ఎఫ్‌ఎంలోనే మిగిలాయి. జాతీయ చానళ్లు మాత్రం డ్యాబ్ అనే డిజిటల్ పద్ధతికి మారిపోయాయి.

ఎందుకు చేశారు? వాళ్ల కారణాలు తీసిపారేసేవి కావు. దేశమంతా కొండలు, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన లోయలు. జనాభా 50 లక్షల పైచిలుకు. ఎఫ్‌ఎం తరంగం కొండ దాటి అవతలికి సరిగ్గా వెళ్లదు కాబట్టి ఒక్కో లోయకు ఒక్కో ట్రాన్స్‌మీటర్ పెట్టాలి. అంత చేసినా ఎఫ్‌ఎంలో పట్టే జాతీయ చానళ్లు ఐదే. డ్యాబ్‌లో 20కి పైగా పట్టాయి. ఒక్కో చానల్‌కు లెక్కేస్తే ఎఫ్‌ఎం ఖర్చు ఎనిమిది రెట్లు ఎక్కువని వాళ్ల ప్రభుత్వం చెప్పింది. ప్రజల డబ్బు ఖర్చుపెట్టేవారు ఈ లెక్క చూడొద్దని నేను అనను. చూడాలి.

మరి జనం ఏమన్నారు? ఆపడానికి కొన్ని వారాల ముందు ఒక పత్రిక చేయించిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. అప్పటికి దాదాపు 20 లక్షల కార్లలో డ్యాబ్ రిసీవర్ లేదు. పార్లమెంటు షరతులు పెట్టకపోలేదు, పెట్టింది. శ్రోతల్లో సగం మంది రోజూ డిజిటల్‌లో వింటూ ఉండాలి, అప్పుడే ఎఫ్‌ఎం ఆపాలి అని. చాలా మంచి షరతు. కానీ దాన్ని కొలిచిన తీరు చూడండి. ఇంటర్నెట్‌లో విన్నా, టీవీలో వచ్చే రేడియో విన్నా డిజిటల్ కిందే లెక్క. అంటే పొద్దున ఇంట్లో టీవీలో పది నిమిషాలు విని, ఆ తర్వాత గంటసేపు కారులో ఎఫ్‌ఎం వినే మనిషి కూడా డిజిటల్ శ్రోతే అయ్యాడు. ఆ మనిషి కారులో రేడియో మూగబోయిన రోజున లెక్క తప్పలేదు. లెక్క ప్రకారం అతను ముందే మారిపోయాడు!

ఇది గుర్తుపెట్టుకోండి. విధానం రాసేటప్పుడు షరతు ఎంత ముఖ్యమో, ఆ షరతును ఎలా కొలుస్తారో అంతకంటే ముఖ్యం.

స్విట్జర్లాండ్‌కు వద్దాం. అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎస్‌ఆర్‌జీ 2024 డిసెంబర్ 31న ఎఫ్‌ఎం ఆపేసింది. కేవలం ఎఫ్‌ఎం మాత్రమే వినేవారు పది శాతం కూడా లేరు, ఇక దాని మీద డబ్బు పెట్టడం దండగ అన్నారు. ఆపేశాక తెలిసిందేమిటంటే శ్రోతలు వాళ్లనుకున్న దానికంటే ఎక్కువ తగ్గారు. ఎందుకు? పది శాతం కంటే తక్కువన్న లెక్క తప్పని కాదు. మిగతా 90 శాతంలో కొందరు ఇంట్లో డిజిటల్, బండిలో ఎఫ్‌ఎం వింటారు. కొందరికి వంటింట్లో ఒక పాత సెట్టు ఉంటుంది. వాళ్లు కొత్త సెట్టు కొనలేదు, ఇంకా ఎఫ్‌ఎంలో దొరికే ప్రైవేటు స్టేషన్లకో, సరిహద్దు అవతలి స్టేషన్లకో ముల్లు తిప్పుకున్నారు. ప్రైవేటు స్టేషన్లు 2026 చివరికి ఎఫ్‌ఎం ఆపాలని అంతకుముందే నిర్ణయించారు కదా, ఇది చూశాక ఆ గడువు వద్దని పార్లమెంటులోనే గట్టిగా పట్టుబట్టారు.

స్వీడన్ సంగతి వేరు. నార్వే పక్కనే ఉంది, ఆ చలి, ఆ దూరాలే. 2015లో వాళ్లు డిజిటల్‌కు పూర్తిగా మారే ప్రణాళికను పక్కన పెట్టేశారు. స్వీడన్ ప్రభుత్వం 2018లో, మళ్లీ 2024లో ఇంటింటికీ ఒక చిన్న పుస్తకం పంపింది. యుద్ధమో, పెద్ద ఆపదో వస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకం. ఇంట్లో నీళ్లు, తిండి, దుప్పట్లతో పాటు ఏం ఉంచుకోమన్నారు? బ్యాటరీతో నడిచే రేడియో. ప్రభుత్వమే తన పౌరుడికి రేడియో దగ్గర పెట్టుకోమని చెబుతోందంటే, ఆ రేడియోకు అందే ప్రసారాన్ని కాపాడే పూచీ కూడా ఆ ప్రభుత్వానిదే. ఈ రెండూ కలిసే ఉండాలి.

ఇక్కడ కుర్రవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీ మనసులో ప్రశ్న నాకు తెలుసు. ఫోన్ ఉంది, ఇంటర్నెట్ ఉంది, ఇంకా ఈ ప్రసార గోపురాలెందుకు? ఈ ప్రశ్నకు నేను తొందరపడి జవాబు చెప్పను, కాస్త నిలబడి చెబుతాను.

రేడియో ట్రాన్స్‌మీటర్‌కు శ్రోతలు పది మంది ఉన్నా, పది లక్షల మంది ఉన్నా ఒకటే పని. ఇంకొకరు కొత్తగా సెట్టు పెడితే దానికి అదనపు భారం సున్నా. ఇంటర్నెట్‌లో అలా కాదు. ప్రతి శ్రోతకూ విడిగా ఒక ప్రవాహం పంపాలి. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. అందరూ ఒకేసారి ఆత్రంగా వినాల్సిన రోజునే ఇబ్బంది, సరిగ్గా ఆ రోజునే. పైగా కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలే నిలబడుతుంది. దూరాన ఒక పెద్ద మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్ డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంటే వందల కిలోమీటర్ల మేర వినబడుతుంది. వినేవాడికి కావల్సింది రెండు బ్యాటరీ సెల్స్.

2025 ఏప్రిల్ 28న, స్పెయిన్ సమయం మధ్యాహ్నం 12:33కి స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో దాదాపు మొత్తానికి మొత్తం కరెంటు పోయింది. రైళ్లు ఆగాయి, సిగ్నళ్లు ఆరిపోయాయి, గంటలు గడిచేకొద్దీ ఫోన్లు మూగబోయాయి. అప్పుడు జనం ఏం చేశారు? బ్యాటరీ రేడియోల కోసం దుకాణాలకు పరుగెత్తారు. ఆగి ఉన్న కారు కిటికీ దగ్గర గుమిగూడి, కారు రేడియోలో వార్తలు విన్నారు. అది యూరప్. సంపన్న దేశాలు. అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న దేశాలు.

2022లో ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక బీబీసీ ఏం చేసిందో చూడండి. ఎప్పుడో ఆపేసిన, దూరదేశాలకు వినబడే షార్ట్‌వేవ్ ప్రసారాన్ని ఆ ప్రాంతానికి రోజుకు నాలుగు గంటలు మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మొదలుపెట్టగలిగింది ఎందుకు? ఎక్కడో ఆ ట్రాన్స్‌మీటర్లు ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి. గోపురం కూల్చేసి, స్థలం అమ్మేసి, ఇంజనీర్లను ఇంటికి పంపేశాక మళ్లీ మొదలుపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంకొక విషయం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. రేడియో వినడానికి పేరు చెప్పనక్కర్లేదు. ఏ స్టేషన్ పెట్టావు, ఎంతసేపు విన్నావు, ఏ ఊళ్లో ఉండి విన్నావు, ఇవేవీ ఎక్కడా నమోదు కావు. ఫోన్లో వింటే అన్నీ నమోదవుతాయి. డబ్బు కట్టకుండా, గుర్తింపు చూపకుండా వార్త వినే హక్కు మనకు ఎవరూ చట్టం చేసి ఇవ్వలేదు. రేడియో పనిచేసే పద్ధతి వల్ల దానంతటదే వచ్చింది. పద్ధతి మారితే ఆ హక్కు కూడా చప్పుడు లేకుండా పోతుంది. విధానం రాసేవారు ఈసారి దాన్ని అక్షరాల్లో రాయాలి.

కారు, స్పీకర్, ఫోన్: తలుపు దగ్గర ఎవరున్నారు?

ప్రసారం ఉంటే సరిపోదు, అందుకునే పరికరం కూడా ఉండాలి. ఇవాళ అసలు గొడవ అక్కడే.

అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక కొన్ని కంపెనీలు ఏఎం రేడియో, అంటే మన మీడియం వేవ్ లాంటిది, తీసేయడం మొదలుపెట్టాయి. మోటారు నుంచి వచ్చే విద్యుత్ రొద ఏఎంకు అడ్డొస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఆ దేశంలో జాతీయ అత్యవసర హెచ్చరికలకు వెన్నెముక ఏమిటి? ప్రభుత్వం ఎంపిక చేసి, జనరేటర్లూ ఇంధనమూ సమకూర్చిన 77 రేడియో స్టేషన్లు. జనాభాలో 90 శాతానికి అవే అందుతాయి. వాటిలో ఎక్కువ ఏఎం స్టేషన్లు. అందుకే 2023లో రెండు పార్టీల సెనెటర్లు కలిసి, ప్రతి కొత్త కారులో ఏఎం ఉండాలని బిల్లు పెట్టారు. ఏ విషయంలోనూ ఒక మాట మీదికి రాని రెండు పార్టీలు దీనికి కలిశాయి. ఏఎం తీసేయాలన్న తన నిర్ణయాన్ని ఫోర్డ్ కంపెనీ అదే ఏడాది వెనక్కి తీసుకుంది.

యూరప్ యూనియన్ 2018లోనే చట్టం చేసింది. 2020 డిసెంబర్ నుంచి అమ్మే కొత్త కార్లలో రేడియో ఉంటే అది డిజిటల్ ప్రసారాలను కూడా అందుకోవాలని. బ్రిటన్ ఇంకొక దారి ఆలోచించింది. జనం ఇప్పుడు స్మార్ట్ స్పీకర్‌తో ఫలానా స్టేషన్ పెట్టు అని నోటితో చెబుతున్నారు. ఆ స్పీకర్ కంపెనీ ఇంకేదో వినిపిస్తే? స్టేషన్ దగ్గర డబ్బు అడిగితే? 2024 మీడియా చట్టంలో దీనికి అడ్డుకట్ట వేశారు. పెద్ద వాయిస్ సేవలు అక్కడి లైసెన్స్ ఉన్న రేడియో స్టేషన్లను అడిగినవారికి అందించి తీరాలి, అందుకు ఆ స్టేషన్ల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఎఫ్‌ఎం విషయంలో కూడా బ్రిటన్ తొందరపడలేదు. కనీసం 2030 దాకా ఉంచాలని 2021 నాటి సమీక్షలో తేల్చారు.

చూశారా, మూడు చోట్లా ప్రభుత్వం అడిగింది ఒకటే. శ్రోతకూ స్టేషన్‌కూ మధ్య నిలబడి తలుపు తీసేదీ మూసేదీ ఎవరు?

మన దగ్గర

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం గురించి మొదలైన కేసు అది. తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు, ఆయన విడిగా తీర్పు రాశారు. తరంగాలు ప్రభుత్వ గుత్త సొత్తు కావు, వాటిని డబ్బున్నవారి గుత్తకు వదిలేయనూ కూడదు. వాటి వాడకం ప్రజలందరి తరఫున పనిచేసే స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలి. ఆ తీర్పు సారం అది.

ఆ తీర్పు తర్వాత ఏం జరిగింది? 1999లో ప్రైవేటు ఎఫ్‌ఎం వేలాలు మొదలయ్యాయి. 2005లో రెండో దశ, 2011లో మూడో దశ విధానం. 2024 ఆగస్టులో ఇంకో 234 పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అన్నీ పాటల స్టేషన్లే. ఎందుకంటే ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను ఒక్క ముక్క మార్చకుండా తిరిగి వినిపించవచ్చు, అంతే. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు చెప్పవచ్చు. టీవీలో ఇరవై నాలుగు గంటలూ వార్తలకు అనుమతి ఉంది, ఫోన్లో ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు, రేడియోకు మాత్రం నోరు కట్టేశారు. గంటకు పది నిమిషాల వరకు వార్తలు అనుమతించాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. అది కూడా తక్కువే అంటాను నేను. ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పడానికి వీల్లేని మాధ్యమానికి భవిష్యత్తు గురించి చర్చ ఏమిటి?

కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికుల కోసం నడిచే చిన్న స్టేషన్, దాని దగ్గర కాసేపు ఆగాలి. 2002లో విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు. మన సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల స్టేషన్ అది. రికార్డు చేసేదీ, ఎడిట్ చేసేదీ, వినిపించేదీ దళిత మహిళలే. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పండగ పాటలు, వాళ్ల మాటల్లో, వాళ్ల యాసలో. ఆ యాస ఏ పెద్ద స్టేషన్‌లో వినబడుతుంది చెప్పండి? అలాంటి స్టేషన్‌కు కూడా సొంత వార్తలకు అనుమతి లేదు. డిజిటల్ విధానం రాసేటప్పుడు ఇలాంటి స్టేషన్ల సంగతి ఎవరు చూస్తారు? డిజిటల్‌లో పది, ఇరవై చానళ్లు కలిసి ఒకే ట్రాన్స్‌మీటర్ మీద వెళ్లేలా ఏర్పాటు చేస్తే, ఆ ట్రాన్స్‌మీటర్ పెద్ద కంపెనీ చేతిలో ఉంటే, చిన్న స్టేషన్ అద్దె కట్టుకుని నిలబడగలదా? నార్వేలో చిన్న స్టేషన్లను ఎఫ్‌ఎంలో ఉంచేశారు. మనం కూడా ఆ పని ముందే రాసిపెట్టుకోవాలి.

ఇక ఆకాశవాణి. విస్తీర్ణంలో 92 శాతం, జనాభాలో 99 శాతం అందుతున్నామని ఆ సంస్థ చెప్పుకుంటూ వచ్చింది. గర్వపడాల్సిన మాటే. కానీ ఆ లెక్క నిలబడింది మీడియం వేవ్ మీద. ఎఫ్‌ఎం ఒక్కటే చూస్తే ఆ దరిదాపుల్లోకి రాదు. 2023 ఏప్రిల్ 28న ఒకేరోజు 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మీటర్లు ప్రారంభించారు, సంతోషం. అవి వంద వాట్లవి. ఒక పట్టణం, దాని చుట్టుపక్కల నాలుగూళ్లు. ఒక పెద్ద మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్ రాత్రిపూట ఎంత దూరం వినబడుతుందో మీలో పెద్దవాళ్లకు తెలుసు. అలాంటి పాతవాటిలో కొన్నింటిని ఇప్పుడు దశలవారీగా ఆపేస్తున్నారు. విడిభాగాలు దొరకవు, కరెంటు బిల్లు ఎక్కువ, వినేవారు తక్కువ. కారణాలు నాకు తెలుసు. ఆపే ముందు ఆ పరిధిలో ఎవరున్నారో, వాళ్లకు ఇంకేం అందుతుందో లెక్కతీసి బయట పెట్టారా? నా ప్రశ్న అదొక్కటే.

మీడియం వేవ్‌నే డిజిటల్ చేయడానికి మన దేశం డీఆర్‌ఎం అనే పద్ధతి ఎంచుకుంది. 30కి పైగా ట్రాన్స్‌మీటర్లు పెట్టారు. సాంకేతికంగా మంచి పద్ధతి. కరెంటు తక్కువ తింటుంది, ధ్వని ఎఫ్‌ఎంలా ఉంటుంది, ఆపద హెచ్చరిక వస్తే నిద్రాణంగా ఉన్న రిసీవర్‌ను మేల్కొలిపే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ ఎవరు వింటున్నారు? కొన్ని కంపెనీల కార్లలో రిసీవర్ వస్తోంది. ఇంట్లో పెట్టుకునే చవక సెట్టు బజారులో కనబడదు. కొనేవారు లేరని కంపెనీ చేయదు, సెట్టు లేదని జనం కొనరు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఈ ముడి విప్పాల్సింది బజారు కాదు, ప్రభుత్వం. ట్రాన్స్‌మీటర్లకు ప్రజల డబ్బు పెట్టినప్పుడు రిసీవర్ గురించి కూడా అదే రోజు ఆలోచించి ఉండాల్సింది.

డిజిటల్‌లో ఇంకొక చిక్కు ఉంది, ఇంజనీర్లకు తెలుసు, మిగతావారికి చెబుతున్నా. పాత రేడియోలో సిగ్నల్ బలహీనపడితే గరగర వస్తుంది, గొంతు ఎక్కడో లోతు నుంచి వస్తున్నట్టు వినబడుతుంది, అయినా మాట అర్థమవుతుంది. డిజిటల్‌లో చివరి వరకు శుభ్రంగా వినబడి, ఒక్కసారిగా ఆగిపోతుంది. సగం వినబడటం అనేది ఉండదు. తుఫాను రాత్రి, అంచున ఉన్న ఊళ్లో, ఆ గరగరలో వినబడిన సగం మాటే ప్రాణం నిలబెడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ పోయింది, సెల్ నెట్‌వర్కూ పోయింది, రోజుల తరబడి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనను ఎవరు మరిచిపోతారు? తీరం ఉన్న రాష్ట్రంలో మీడియం వేవ్‌ను ఖర్చు లెక్కల్లో మాత్రమే చూడటం నాకు మింగుడుపడదు.

ఫోన్ల గురించి ఒక్క మాట. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం అందుకునే చిప్ లోపల ఉండనే ఉంటుంది, వాడకుండా కట్టేసి పెడతారు. దాన్ని పనిచేయించమని కేంద్ర ఐటీ శాఖ 2023లో తయారీదారులకు సూచన ఇచ్చింది. సూచన! ఆపదలో పనికొస్తుందని ఆ సూచనలోనే రాశారు. అంత అవసరమైతే నియమం చేయవచ్చు కదా? కార్లలో సీటు బెల్టు సూచనగా పెట్టలేదు.

2025 అక్టోబర్‌లో ట్రాయ్ ప్రైవేటు డిజిటల్ రేడియో మీద సిఫార్సులు ఇచ్చింది. ముందుగా 13 పెద్ద నగరాల్లో, పాత ఎఫ్‌ఎం ఆపకుండానే దాని పక్కనే డిజిటల్ కూడా ఇవ్వాలంది. దేశమంతటికీ ఒకే సాంకేతిక పద్ధతి ఉండాలంది. పాత అనలాగ్‌ను, అంటే డిజిటల్ కాని ప్రసారాన్ని, ఎప్పుడు ఆపాలన్నది డిజిటల్ ప్రగతి చూశాక నిర్ణయించుకోవచ్చంది. తేదీ ముందు పెట్టుకోకపోవడం సరైన పని. నేను మెచ్చుకుంటున్నాను. అయితే ఆ ప్రగతిని ఏ కొలతతో చూస్తారు? నార్వేలో జరిగింది ఇప్పుడే చెప్పాను.

నా దృష్టిలో కొలత ఇలా ఉండాలి. ఒక ట్రాన్స్‌మీటర్ ఆపాలనుకుంటే, దాని పరిధి పటం ప్రజల ముందు పెట్టాలి, తెలుగులో, ఆ జిల్లా వాళ్లకు అర్థమయ్యేలా. అందులో కరెంటు లేనప్పుడు ఆ ప్రసారం తప్ప ఇంకేదీ అందని ఊళ్లు ఏవో పేర్లతో రాయాలి. కనీసం ఆరు నెలలు అభ్యంతరాలు తీసుకోవాలి. చేపల పడవలవారినీ, కొండ గూడేలవారినీ, చూపులేనివారినీ, ఒంటరిగా ఉండే ముసలివారినీ పిలిచి అడగాలి. సర్వేలో సగటు శ్రోత కనబడతాడు, వీళ్లు కనబడరు. వీళ్లలో చివరి మనిషికి ఇంకొక దారి దొరికిందని చూపించాకే స్విచ్ మీద చెయ్యి వేయాలి. దొరకకపోతే ఆ ఖర్చు ప్రసార సంస్థ పద్దులో నష్టంగా రాయొద్దు, విపత్తు నిర్వహణ పద్దులో రాయండి. తుఫాను షెల్టర్ ఏడాదంతా ఖాళీగా ఉందని ఎవరూ కూల్చరు కదా.

ఇదంతా ఢిల్లీలో ఎవరో రాసే కాగితమని వదిలేయకండి. ట్రాయ్ సంప్రదింపుల పత్రం వేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, కంపెనీలు పేజీలకు పేజీలు పంపుతాయి. శ్రోతల నుంచి వెళ్లేవి బహు తక్కువ. ఈసారి మన జిల్లా నుంచి వెళ్లాలి. ముసాయిదా రాయడానికి నేను సాయం చేస్తాను. సభ అయ్యాక కూర్చుందాం, ఎవరి ఊళ్లో ఏ స్టేషన్ అందుతోందో, ఏది ఆగిపోయిందో రాసుకుంటూ మొదలుపెడదాం. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.